కలంకారీ గుడ్డ మీద తెరచాప ఓడ

నిన్న శ్రీకాళహస్తిలో ఒక కలంకారీ కళాకారిణి ఇంట్లో, పురాణ ఘట్టాలకు బదులు తెరచాప ఓడలు గీసిన గుడ్డను చూశాను. కరక్కాయ కలిపిన పాలలో ముంచి ఆరబెట్టిన ఆ గుడ్డపై, పాత ఇనుమును బెల్లం నీటిలో నానబెట్టి తీసిన నల్లరంగుతో ఆమె ఓడ తాళ్లను ఒక్కొక్కటిగా గీస్తుంటే, వెదురు కలానికి చుట్టిన మెత్తని చుట్టను వేళ్లు ఎంత నెమ్మదిగా నొక్కుతున్నాయో కన్నార్పకుండా చూశాను. 1611లో మచిలీపట్నంలో స్థావరం పెట్టిన ఇంగ్లీషు కంపెనీ, అంతకు ముందే వచ్చిన డచ్చివారు, మన తీరపు అద్దకపు బట్టలిచ్చి ఆగ్నేయాసియా దీవుల్లో సుగంధ ద్రవ్యాలు కొన్నారు. యూరప్‌లోనూ వాటికి గిరాకీ పెరగడంతో, తమ నేతగాళ్ల కోసం 1686లో ఫ్రాన్సు వాటి దిగుమతిని, 1721లో బ్రిటన్ వాటి వాడకాన్ని నిషేధించాయి. అంత గొప్ప పనితనం మన ఊళ్లదే అనుకుంటే నాకు గొంతు పూడుకుపోయింది. ఓడ కింద, అలలు ఉండాల్సిన చోట, ఆమె వరుసగా రంగులద్దేవాళ్ల చేతులు గీశారు.