తొంభై రోజుల వెన్న లెక్క

2024 మార్చి 31, కావలి

ప్రయాణానికి ఇంకా రెండు వారాలుంది. రెండు సీసాల నెయ్యి కాచి పెట్టుకున్నాను. రాత్రి అమ్మాయి జర్మనీలోని స్టుట్‌గార్ట్ నుంచి ఫోను చేసి, "నెయ్యి తేవద్దమ్మా, ఇక్కడికి రానివ్వరు" అంది. యూరప్ సమాఖ్య బయటి దేశాల నుంచి వచ్చే ప్రయాణికులు పాలతో చేసినవి గానీ మాంసంతో చేసినవి గానీ వెంట తీసుకువెళ్లకూడదట. మనవడికి ఆరో నెల రాబోతోంది. అన్నప్రాశన నాడు ముద్దపప్పు అన్నంలోకి నెయ్యి లేకుండా ఎలా? అక్కడి వెన్నే కొని కాచాలి. ఏ వెన్న కొనాలో తెలియాలంటే పోల్చడానికి మన ఇంటి లెక్క ఒకటి చేతిలో ఉండాలి.

నెల్లూరు ట్రంకురోడ్డులో కొన్న చిన్న కాటా ఉంది, గ్రాము వరకు చూపిస్తుంది. ఈరోజు చిలికిన గేదె వెన్న సరిగ్గా 250 గ్రాములు తూచి సన్నని మంట మీద కాచాను. నెయ్యి 187 గ్రాములు. గసి 9 గ్రాములు. గిన్నెకు అంటుకున్న నాలుగైదు గ్రాములు పక్కన పెడితే మిగిలిన యాభై గ్రాములూ నీరే. ముప్పై ఏళ్లుగా చల్ల చిలుకుతున్నాను. నా వెన్నలో ఐదో వంతు నీరుందని ఈరోజే తెలిసింది. ఆ అంకె కింద రెండు గీతలు గీసి పెట్టుకున్నాను.

ఏప్రిల్ 17, స్టుట్‌గార్ట్

దుకాణంలో చల్లని అరలన్నీ వెన్నే. బంగారు రంగు కాగితాలు, వెండి రంగు రేకులు, మూతల డబ్బాలు. పచ్చిక మేస్తున్న ఆవు బొమ్మ ఉన్న డబ్బా ఒకటి తీసుకున్నాను. ఫ్రిజ్‌లోంచి తీయగానే మెత్తగా ఉంది, చెంచా తేలికగా దిగింది. మంచి వెన్న కాబట్టే అంత మెత్తగా ఉందనుకున్నాను.

కాస్తుంటే కమ్మని వాసన రాలేదు. పోపుకు నూనె వేడెక్కేటప్పుడు వచ్చే వాసన వచ్చింది. వడకట్టి కిటికీ పక్కన పెట్టాను. గది చల్లగానే ఉంది, పద్దెనిమిది డిగ్రీలు. తెల్లారి చూస్తే పూస కట్టలేదు సరికదా, గిన్నె వంచితే నూనెలాగే జారింది. అల్లుడు డబ్బా వెనక చదివి, "అత్తయ్యా, ఇందులో సగానికి దగ్గరగా ఆవ జాతి గింజల నూనె కలిపారు. రొట్టె మీద తేలికగా రాసుకోవడానికి" అన్నాడు.

ఇక్కడి చట్టం గట్టిదే. మరే మాటా చేర్చకుండా బుటర్ అని పేరు పెట్టాలంటే పాల కొవ్వు 80 శాతానికి తగ్గకూడదు, నీరు 16 శాతం మించకూడదు, వేరే కొవ్వేదీ కలపకూడదు. నూనె కలిపితే మరో పేరు రాయాలి. కొవ్వు 40 శాతం దగ్గర ఉన్న వస్తువు కూడా అదే అరలో ఉంటుంది, దాన్ని సగం కొవ్వు వెన్న అని రాస్తారు. నేను ఆవు బొమ్మను చూశాను, పేరు చదవలేదు. చల్లగా ఉన్నప్పుడు కూడా మెత్తగా ఉందంటే అది వెన్న గుణం కాదు, నూనె గుణం. అసలైన వెన్న ఫ్రిజ్‌లోంచి తీస్తే రాయిలా ఉండాలి, వేలితో నొక్కితే దిగకూడదు.

ఏప్రిల్ 20

ఈసారి కాగితంలో చుట్టిన పావు కిలో దిమ్మ. పదార్థాల చోట వెన్న తప్ప మరో మాట లేదు, ఉప్పు కూడా లేదు. కొవ్వు 82 శాతం.

నెయ్యి 199 గ్రాములు! మన ఇంటి వెన్న కంటే 12 గ్రాములు ఎక్కువ. గసి 5 గ్రాములే. రంగు లేత పసుపు. పూస కూడా కట్టింది. వాసన మాత్రం పాలకోవా వాసన. నెయ్యి వాసన కాదు. వేడి అన్నంలో కలిపి తింటే తియ్యగా, చప్పగా ఉంది. అమ్మాయి బాగుందనే అంది. ఆరేళ్లుగా ఆ రుచికి అలవాటు పడింది పాపం.

వెన్నలో కల్తీ లేదు, కొవ్వుకు కొరత లేదు. మరి ఏది తగ్గింది? రాత్రంతా అదే ఆలోచన.

ఏప్రిల్ 24

పొద్దున పెరుగు తోడు పెడుతుంటే తట్టింది. మన వెన్న పాల నుంచి రాదు, పెరుగు నుంచి వస్తుంది. రోజూ తీసిన మీగడకు తోడేసి, పులిశాక చిలుకుతాం. ఇక్కడ యంత్రం పచ్చి పాల నుంచే మీగడను విడదీస్తుంది, దాన్ని పులియనివ్వకుండా చిలుకుతారు. మన వెన్నకున్న కమ్మదనంలో ఎక్కువ భాగం ఆ పులుపులోనే పుడుతుంది. తోడులోని సూక్ష్మజీవులు మీగడలో డయాసిటైల్ అనే పదార్థాన్ని తయారుచేస్తాయి. వెన్న వాసన అని మనం గుర్తుపట్టేది ముఖ్యంగా దాన్నే.

అల్లుడితో చెబితే ఆ సాయంత్రమే దుకాణానికి తీసుకువెళ్లాడు. ఒక్కో దిమ్మ తిప్పి చదివాడు. జర్మనీలో వెన్న ఏ రకమో కాగితం మీద రాసి తీరాలి. స్యూస్‌రామ్‌బుటర్ అంటే తీపి మీగడ వెన్న, నేను మొన్న కాచినది. జావర్‌రామ్‌బుటర్ అంటే పులిసిన మీగడ వెన్న. మూడోది వీటి మధ్యరకం: తీపి మీగడనే చిలికి, వెన్న వచ్చాక పులుపు కలుపుతారు. పేరులో 'మిల్ట్' అనే మాట కనిపిస్తే అది ఈ మధ్యరకం. అర మీద ఎక్కువగా ఉన్నవి మొదటిదీ మూడోదీ. పులిసిన మీగడది కింది అరలో ఒక మూల రెండే రకాలున్నాయి. ఒక్కోటి ఒక్క దిమ్మ తెచ్చాం.

కాగితం విప్పగానే చల్ల కుండ మూత తీసినట్టయింది. కత్తితో కోసి చూశాను. కోసిన ముఖం నున్నగా, పొడిగా ఉంది, ఒక్క నీటి బొట్టు కూడా ఊరలేదు. నీటిని సరిగా పిండని వెన్న కోస్తే చిన్న చిన్న చెమట బొట్లు కనిపిస్తాయి.

అడుగు మందంగా ఉన్న గిన్నెలో, పొయ్యి మీద అన్నిటికంటే సన్నని మంట. మొదటి పది నిమిషాలు తెల్లటి నురగ, పెద్ద చప్పుడు: నీరు పోతోంది. తరువాత చప్పుడు తగ్గి, నురగ పక్కలకు జరిగి, మధ్యలో అద్దంలా తేట కనిపించింది. అడుగున గసి గోధుమ రంగుకు తిరుగుతుండగా రెండోసారి సన్నని నురగ పైకి లేచింది. ఆ రెండో నురగ కోసమే కాచుకుని ఉండాలి. అది లేచిన అర నిమిషంలో దించేశాను. పక్క గదిలో పిల్లవాడిని నిద్రపుచ్చుతున్న అమ్మాయి లేచి వచ్చి వంటింటి గుమ్మంలో నిలబడింది. "అమ్మమ్మ వాళ్లింటి వాసన" అంది.

నెయ్యి 198, గసి 6. మొన్నటి దిమ్మతో పోలిస్తే అంకెల్లో తేడా లేదు. అయినా ఇది మన నెయ్యి. మునగాకు ఇక్కడ దొరకలేదు, ఏమీ వేయకుండానే కాచాను. ఒక వెన్నను మరొక వెన్నతో పోల్చాలంటే అలా కాయడమే మేలు. ఆకు వేస్తే వెన్న లోపం కొంత ఆకు వాసనలో కలిసిపోతుంది.

మే 5

మధ్యరకం కాచాను. 199. వాసన మొదటిదానికంటే నయం, రెండోదానికి చాలదు. దీని గురించి ఇంతకంటే రాయడానికేమీ లేదు.

మే 9

ఐర్లండు వెన్న. చామంతి పువ్వులా ఎంత పచ్చగా ఉందో! ధర మామూలు దిమ్మకు దాదాపు రెట్టింపు. అక్కడి ఆవులు ఏడాదిలో ఎక్కువ కాలం పచ్చిక మేస్తాయి. పచ్చగడ్డిలోని కెరోటిన్ పాల కొవ్వులోకి వచ్చి ఈ రంగునిస్తుంది. ఆవు వెన్నకు ఇది మంచి ఆనవాలే. కానీ రంగును బట్టి వెన్నలో మంచిచెడ్డలు తేల్చకూడదు. గేదె కెరోటిన్‌ను విటమిన్ ఏగా మార్చేసుకుంటుంది, అందుకే ఎంత పచ్చగడ్డి మేసినా దాని వెన్న తెల్లగానే ఉంటుంది. తెల్లగా ఉందని మన గేదె వెన్నను ఎవరైనా తక్కువ చేస్తే నేను ఒప్పుకోను.

రొట్టె మీద రాసుకోవడానికి ఇది చాలా బాగుంది. కాస్తే మామూలు దిమ్మకూ దీనికీ వాసనలో అంత తేడా రాలేదు. నెయ్యికి దీన్ని కొనడం డబ్బు వృథా.

మే 14

నిన్న అన్నప్రాశన. వెండి గిన్నెలో ముద్దపప్పు, మెత్తటి అన్నం, పులిసిన మీగడ వెన్న నెయ్యి. మనవడు మూడు ముద్దలు తిన్నాడు.

మే 28

ఉప్పు వెన్నతో నెయ్యి కాయకూడదు. ఉప్పంతా గసిలోకి దిగి అది తినడానికి పనికిరాదు. ఇక్కడ ఉప్పు లేనిదే మామూలు రకం కాబట్టి ఇబ్బంది లేదు. మన ఊళ్లో దొరికే పసుపు పచ్చని వెన్న దిమ్మలు చాలావరకు ఉప్పువి, అక్కడే చూసుకుని కొనాలి.

బుటర్‌ష్మాల్ట్స్ అని కాచిన వెన్న సిద్ధంగా కూడా అమ్ముతారు. దాదాపు అంతా కొవ్వే. వేపుళ్లకు మంచిది, మాడదు. గసి రంగు తిరిగే దాకా కాచినది కాదు కాబట్టి వాసన ఉండదు, అన్నంలోకి వేసుకునే నెయ్యి స్థానంలో నిలవలేదు.

జూన్ 19

ఒక తప్పు జరిగింది. సగం వాడిన దిమ్మను కాగితం మూయకుండా ఫ్రిజ్‌లో కోసిన ఉల్లిపాయ పక్కన పెట్టాం. రెండు రోజుల్లో వెన్నంతా ఉల్లి వాసన. కాచినా పోలేదు. వాసనలు పీల్చుకోవడంలో వెన్నను మించింది లేదు. వెలుతురు కూడా దానికి శత్రువే, పై పొర కనరు వాసన వేస్తుంది. అప్పటి నుంచి లోపల రేకు ఉన్న కాగితపు దిమ్మలే కొంటున్నాం. తగ్గింపు ధరకు వచ్చినప్పుడు ఎక్కువ తీసుకుని ఫ్రీజర్‌లో పెట్టి, కాచే ముందు రాత్రి ఒక్కోటి కిందికి దించుకుంటున్నాం.

జులై 11

ఎల్లుండి ప్రయాణం. తొంభై రోజుల వీసా అయిపోయింది. పద్నాలుగు దిమ్మలు కాచాను. అమ్మాయికి ఈ పుస్తకం మొత్తం ఫొటోలు తీసి ఇచ్చాను. నెయ్యి రెండు కిలోలు కాచి సీసాలకు పోశాను, మూతల మీద తేదీ రాశాను. అల్లుడు నాకు వంటింటి థర్మామీటరు ఒకటి కొనిచ్చాడు.

జులై 24, కావలి

ఇంటికి వచ్చాక మొదటి చిలకడం. తెల్లవారుజామున ఐదింటికి వంటగదిలో 29 డిగ్రీలు. ఎప్పటిలాగే బయటికి తీసి పెట్టిన మీగడ పెరుగును చిలికాను. వెన్న వచ్చింది గానీ జిగురుగా, కవ్వానికి పట్టుకుని విడవలేదు. థర్మామీటరు ముంచితే 27. పావు కిలో కాస్తే 185. అంటే నా వెన్నలో నీరు ఉండిపోవడానికి మొదటి కారణం వేడి. వేడికి కొవ్వు మెత్తబడి మజ్జిగను తనలోనే కలిపేసుకుంటోంది. వేసవిలో మా అత్తగారు చల్లలో మంచు ముక్కలు వేయించేవారు. వెన్న త్వరగా రావడానికని మాత్రమే అనుకున్నాను.

ఆగస్టు 7

మీగడ పెరుగును ఫ్రిజ్‌లోంచి తీసి 14 డిగ్రీలకు రాగానే చిలికాను. పన్నెండు నిమిషాలకు వెన్న విడిపోయింది. ఈసారి ముద్దయ్యే దాకా చిలకలేదు, జొన్న గింజలంత పూసలు కనపడగానే ఆపేశాను. మజ్జిగ వంచేసి, అంతే చల్లటి నీళ్లు పోసి నాలుగు తిప్పులు తిప్పి వంచాను. మూడోసారికి నీళ్లు తేటగా వచ్చాయి. ముద్ద చేశాక చెక్క తెడ్డుతో పళ్లెం అంచుకు అదిమి అదిమి పిండితే గరిటెడు నీరు దిగింది. ఇన్నేళ్లూ ఆ నీటిని కూడా కాస్తూ వచ్చాను.

250కి 194.

సెప్టెంబరు 1

196. గసి 6 గ్రాములే. వెన్నను చల్లటి నీళ్లలో కడిగాక గసి తగ్గింది గానీ నెయ్యి వాసన తగ్గలేదు. ఇంతకుముందు మూడో రోజుకే వెన్న పుల్లబడేది, ఇప్పుడు ఫ్రిజ్‌లో వారం నిలుస్తోంది. లోపల మిగిలిన మజ్జిగే దాన్ని పాడుచేసేది.

సెప్టెంబరు 22

198. కత్తితో కోశాను. ముఖం పొడిగా ఉంది.

అమ్మాయి రాత్రి ఫోను చేసింది. తాను కాచినది 197 అట, గసి కొంచెం మాడిందట. రెండో నురగ లేచాక ఎంతసేపు ఉంచావని అడిగితే, పిల్లవాడు ఏడ్చాడని వెళ్లి వచ్చేసరికి ఆలస్యమైందని చెప్పింది. పొయ్యి ఆపేశాక కూడా అడుగు మందమైన గిన్నె వేడికి గసి ఉడుకుతూనే ఉంటుంది, వెంటనే వేరే గిన్నెలోకి వడకట్టమన్నాను.

సింగరాయకొండ దగ్గర మా చెల్లెలి ఇంట్లో ఒంగోలు ఆవు ఈనింది. దూడ తాగగా మిగిలిన పాలు పూటకు లీటరు లోపే. మీగడ పలచగా కడుతుంది కాబట్టి పావు కిలో వెన్న రావాలంటే పది పన్నెండు రోజులు పోగుచేయాలి. రోజూ తీసిన మీగడను ఫ్రీజర్‌లో పెట్టి, అంతా కూడాక ఒకేసారి తోడేయమని చెప్పాను. దసరాకు వెళ్లినప్పుడు కాటా, థర్మామీటరు తీసుకువెళ్లాలి.