రెండుసార్లు తడితే చెల్లుతుంది

మా అమ్మాయి జూడో నేర్చుకుంటోందని తెలియగానే మనవాళ్ళు అడిగే మొదటి ప్రశ్న "ఇప్పుడు ఏ బెల్టు?" అని. రెండోది "బ్లాక్ బెల్టుకు ఇంకా ఎన్నేళ్ళు పడుతుంది?" అని. ర్యాంకులూ షీల్డులూ చూసి పెరిగినవాళ్ళం కదా, మెట్లు కనిపించని చదువు మనకు చదువులా అనిపించదు. పైగా పరాయి దేశంలో పిల్లల్ని పెంచేవాళ్ళకు ఇంకో దిగులు ఉంటుంది. ఇక్కడివాళ్ళు గుర్తించే కాగితం ఏదో ఒకటి పిల్లల చేతిలో పడేదాకా మనకు నిద్రపట్టదు.

అందుకే ఈ రంగుల సంగతి ముందే చెప్పేస్తాను. జూడోను రూపొందించిన కానో జిగొరో 1882లో టోక్యోలోని ఎయిషోజి అనే బౌద్ధాలయంలో, పన్నెండు చాపలు పరిచిన గదిలో జూడో నేర్పడం మొదలుపెట్టారు. ఆ చిన్న బడి పేరే కొదొకాన్. మరుసటి ఏడే ఆయన 'దాన్' అనే స్థాయిలు ఏర్పాటు చేశారు. అయితే పసుపు, నారింజ, ఆకుపచ్చ అంటూ అడుగడుగునా రంగు మారే పద్ధతి మాత్రం ఐరోపాలో వ్యాపించింది. 1930లలో ఫ్రాన్స్‌లో జూడో నేర్పిన కవైషి మికొనొసుకె దానికి బాగా ప్రాచుర్యం తెచ్చారు. కంటికి కనిపించే గుర్తింపు ఉంటేనే అక్కడి విద్యార్థులు నిలుస్తారని ఆయన అనుకున్నారట. మనలాంటి తల్లిదండ్రుల తొందరకు కూడా అది బాగానే పనికొచ్చింది.

నన్ను అడిగితే, పిల్లలకు తమ మీద తమకు నమ్మకం కలిగించేది ఆ రంగు కాదు. దానికి చాలా ముందు, పోటీలూ పతకాలూ ఊసులో లేనప్పుడు నేర్పే రెండు విషయాలున్నాయి. ఒకటి పడటం. రెండోది 'ఇక చాలు' అని చెప్పడం.

కొత్తగా చేరిన పిల్లలకు ముందు నేర్పేది ఎదుటివాళ్ళను పడెయ్యడం కాదు, తాము దెబ్బ తగలకుండా పడటం. దీన్ని ఉకెమి అంటారు. వెనక్కి పడేటప్పుడు గడ్డం ఛాతీకి ఆనించి, చూపు నడుముకు కట్టిన బెల్టు ముడి మీద నిలపాలి. అప్పుడు తల వెనక్కి వాలి నేలకు కొట్టుకోదు. వీపు గుండ్రంగా వంచాలి. వీపు చాపను తాకే క్షణంలోనే రెండు చేతులనూ, అరచేతి నుంచి మోచేతి దాకా, ఒంటికి కొంచెం ఎడంగా చాచి చాపను గట్టిగా చరచాలి. దెబ్బంతా ఒక్కచోట పడకుండా పంచుకుపోతుంది. చెయ్యి వెనక్కి పెట్టి ఆపుకుందామని చూస్తే మణికట్టుకే ముప్పు. పడకుండా ఉండాలని ఒళ్ళు బిగబట్టినవాళ్ళకే ఎక్కువ దెబ్బలు తగులుతాయి.

తరగతి మొదలవగానే పిల్లలంతా వరసగా పడుతూ చేతులు చరుస్తుంటే వచ్చే చప్పుడు వినాలి. నల్ల బెల్టు కట్టుకున్న గురువుగారు కూడా వాళ్ళతోపాటే పడతారు. మా అమ్మాయి జవాబు నూటికి నూరుపాళ్ళు తెలిస్తే తప్ప బడిలో చెయ్యెత్తని రకం. నలుగురిలో తప్పుపోవడం కన్నా నోరు మూసుకోవడం నయమనుకునే స్వభావం, అది నా నుంచే వచ్చిందని మా ఆయన అంటారు. అలాంటి పిల్ల సాయంత్రమంతా నలుగురి ముందూ వెల్లకిలా పడుతూ లేస్తూ ఉంటే ఎవరూ నవ్వరు, ఎవరూ అయ్యో అనరు. లేచి నిలబడి, బట్టలు సర్దుకుని, మళ్ళీ ఎదుటివాళ్ళ కాలరు పట్టుకోవడమే. పొగడ్తలతో ఆ ధైర్యం రాదు. "నువ్వు చాలా తెలివైనదానివి" అని మనం రోజూ అన్నా పిల్లలు సగమే నమ్ముతారు. పడ్డా ఏమీ కాలేదన్నది మాత్రం ఒళ్ళు చెబుతుంది కాబట్టి పూర్తిగా నమ్ముతారు.

ఇక రెండోది. ఎదుటి మనిషి పట్టులో నొప్పి పుట్టినా, ఊపిరి సలపకపోయినా, ఉత్తినే భయమేసినా, ఆ మనిషి ఒంటినో చాపనో అరచేత్తో రెండుసార్లు తట్టాలి. అంతే, పట్టు వదిలెయ్యాలి. ఒక్క క్షణం కూడా ఆగకూడదు. తట్టింది పన్నెండేళ్ళ పిల్ల కావచ్చు, పట్టు పట్టింది పాతికేళ్ళుగా నేర్పుతున్న గురువు కావచ్చు. గొంతు నొక్కే పట్లు, మోచేతిని మెలిపెట్టే పట్లు చిన్నపిల్లలకు నేర్పరు. ఏ వయసు నుంచి నేర్పవచ్చన్న నియమం దేశాన్ని బట్టి మారుతుంది. కానీ ఊరికే నేలకు అదిమిపట్టే పట్టులో కూడా తట్టే హక్కు అందరికీ ఉంది. నొప్పి నిజమేనా, ఇంకాస్త ఓర్చుకోలేవా అని ఎవరూ విచారణ జరపరు.

మన ఇళ్ళలో ఇలాంటి ఏర్పాటు ఉందా? పెద్దంతరం చిన్నంతరం నేర్పడంలో మనకు సాటి లేదు. ఎదురు చెప్పకూడదు, పెద్దవాళ్ళు మాట్లాడుతుంటే మధ్యలో దూరకూడదు. బడికి వెళ్తే అక్కడ "నీ అభిప్రాయం చెప్పు, ఒప్పుకోకపోతే ఒప్పుకోనని చెప్పు" అంటారు. మన పిల్లలు గడప దాటినప్పుడల్లా ఒక మనిషిని లోపల వదిలి, ఇంకో మనిషిగా బయటికి వెళ్తారు. కొందరు ఇంట్లో మూగవాళ్ళు, బడిలో వసపిట్టలు. మా అమ్మాయి రెండు చోట్లా మూగదే, ఎందుకంటే ఏది ఎక్కడ చెల్లుతుందో తేల్చుకోలేకపోయింది.

జూడో నేర్పే గదిలో ఈ రెండూ ఒకేచోట ఉన్నాయి. చాప మీద అడుగుపెట్టే ముందు వంగి నమస్కరించాలి. గురువుగారు మాట్లాడుతున్నప్పుడు గుసగుసలు కుదరవు. వరసలో ఎవరు ఎక్కడ కూర్చోవాలో అనుభవాన్ని బట్టి ఉంటుంది. మా అమ్మ చూస్తే మురిసిపోయేంత క్రమశిక్షణ. అయితే పిల్లలు వంగినప్పుడు గురువుగారూ తిరిగి వంగుతారు. ఓడినవాళ్ళు, గెలిచినవాళ్ళు ఒకరికొకరు వంగుతారు. అందరికన్నా చిన్నపిల్ల తట్టిన తట్టు అందరికన్నా పెద్దవాళ్ళ మీద చెల్లుతుంది. పెద్దలను గౌరవించడానికీ, పెద్దలకు 'వద్దు' అనడానికీ మధ్య పోటీ ఏమీ లేదని నేను ఎన్ని విధాల చెప్పినా మా పిల్లకు ఎక్కలేదు, ఆ గదిలో ఎక్కింది.

ఇంటికీ వచ్చింది ఆ అలవాటు. బంధువులు వచ్చినప్పుడు "ఒక పాట పాడమ్మా" అంటే ఇదివరకు ముఖం మాడ్చుకుని పాడేది. ఈ మధ్య మా చెల్లెలితో "ఇవాళ పాడను పిన్నీ, ఇంకోసారి పాడతాను" అంది, నవ్వుతూనే. మా చెల్లెలు చిన్నబుచ్చుకుంది. విషయం ఫోనులో మా అమ్మ దాకా వెళ్ళింది. "ఆడపిల్లకు కుస్తీలు నేర్పిస్తే పొగరు రాక ఏమొస్తుంది?" అంది అమ్మ. "పొగరైతే విసుక్కునేది కదమ్మా, ఇది మర్యాదగానే చెప్పింది" అన్నాను. అమ్మ ఒప్పుకోలేదు, ఒప్పుకుంటుందని నేనూ అనుకోలేదు.

బడిలో ఏడిపించేవాళ్ళకు బుద్ధి చెప్పడానికి చేర్పిస్తామనే తల్లిదండ్రులూ ఉన్నారు. నిజానికి కానో కూడా అలాగే మొదలుపెట్టారు. ఆయనది చిన్న ఒళ్ళు. చదువుకునే రోజుల్లో బలమైన తోటి పిల్లలు ఏడిపిస్తుంటే తట్టుకోవడానికే జుజుత్సు అనే జపాన్ పాతకాలపు పోరాట విద్య నేర్చుకోవాలనుకున్నారు. కానీ పెద్దయ్యాక ఆయన కట్టిన విద్యలో పగకు చోటు లేదు. ఉన్న శక్తిని వృథా చేయకుండా వాడటం, నువ్వూ నేనూ కలిసే బాగుపడటం, ఈ రెండే ఆయన పెట్టుకున్న సూత్రాలు. జతగా పడటానికి ఒప్పుకునే మనిషి లేకపోతే ఎంత గొప్పవాళ్ళకైనా సాధన లేదు. ఒంటి రంగు మీద విసిరిన మాటకు జూడోలో విరుగుడు పట్టు ఏదీ లేదు. అది బడివాళ్ళతో మనం కూర్చుని తేల్చుకోవలసిన సంగతి, పిల్లల భుజాల మీద వేసేది కాదు. అయితే పేరు పలకలేక సగానికి కోసేసిన టీచరు దగ్గర మా అమ్మాయి ఇప్పుడు పూర్తి పేరు చెప్పి, మళ్ళీ పలికిస్తోంది. అది జూడో వల్లేనని ఒట్టేసి చెప్పలేను, వయసూ పెరిగింది.

"ఇది మనది కాదు కదా" అనేవాళ్ళకు నేను చెప్పే కథ ఒకటుంది. 1964 టోక్యో ఒలింపిక్స్‌లో జూడో మొదటిసారి చేరింది. బరువుతో నిమిత్తం లేని విభాగం ఫైనల్లో నెదర్లాండ్స్‌కు చెందిన ఆంటన్ హేసింక్, జపాన్‌కు చెందిన కమినాగ అకియోను అదిమిపట్టి గెలిచాడు. జూడో పుట్టిన గడ్డ మీద, పోటీ జరిగిన బుడోకాన్ అనే భవనం నిండా ఉన్న జపాన్ ప్రేక్షకుల ముందు. సంబరం పట్టలేక అతని దేశస్థులు చాప మీదికి ఉరకబోతే, ఇంకా లేవకముందే చెయ్యెత్తి వాళ్ళను ఆపాడు. పుట్టుకతో రాని విద్యను ఆ విద్య సొంతవాళ్ళు కూడా కాదనలేనంతగా నిలబెట్టినవాడు అతను. రెండు దేశాల మధ్య పెరుగుతూ దేనికీ పూర్తిగా చెందనేమోనని సందేహించే పిల్లలకు నా దృష్టిలో ఇంతకన్నా పనికొచ్చే కథ లేదు. మా అమ్మాయికి మాత్రం ఆ చెయ్యెత్తిన ఘట్టం కన్నా కమినాగ తప్పించుకోవడానికి ఏ వైపు దొర్లి ఉండాల్సిందన్నదే ముఖ్యం.

మీ పిల్లల్ని చేర్పించాలనుకుంటే, డబ్బు కట్టే ముందు ఒక తరగతి మొత్తం కూర్చుని చూడండి. తల్లిదండ్రులను చూడనివ్వని చోటు వద్దు. కొత్త పిల్లలకు పడటం నేర్పకుండానే పోటీలు పెట్టే చోటూ వద్దు. ఎవరైనా తట్టినప్పుడు ఏం జరుగుతుందో గమనించండి. మేము మొట్టమొదట చూడటానికి వెళ్ళిన చోట గోడ నిండా కప్పులూ ఫొటోలూ ఉన్నాయి. ఒక పిల్లవాడు తట్టాడు. పైనున్న కుర్రవాడు వదలబోతుంటే శిక్షకుడు "వదలకు, వాడు ఇంకొంచెం ఓర్చుకోగలడు" అన్నాడు. దరఖాస్తు కాగితం అక్కడి బల్ల మీదే పెట్టేసి బయటికి వచ్చేశాం.