బ్లాడర్‌లోకి బీసీజీ: నా ఆరు వారాలు

పసిపిల్లలకు భుజం మీద వేసే బీసీజీయే నా బ్లాడర్ క్యాన్సర్‌కు మందు. అందులోని బ్యాక్టీరియా బతికే ఉంటుంది. దాన్ని చూసి ఒంట్లోని రక్షణ కణాలు మూత్రాశయం గోడ మీదికి ఎగబడతాయి, ఆ ఊపులో క్యాన్సర్ కణాలనూ చంపుతాయి. అందుకే ఈ చికిత్సలో జాగ్రత్తలన్నీ రెండే: క్రిమి లోపల బతకాలి, బయట చావాలి.

గడ్డను గీకి తీశాక కనీసం రెండు వారాలు ఆగాలి. పచ్చి పుండు మీద ఎక్కిస్తే క్రిమి రక్తంలోకి పోతుంది. మూడో డోసు రోజు మందు ఎక్కించే గొట్టం మూత్రనాళంలో పెట్టగానే రక్తం ఎర్రగా కనిపించింది. సిస్టర్ మందు కలపనే లేదు, వచ్చే వారం రమ్మన్నారు. ఆ రోజు విసుక్కున్నాను గానీ ఆమె చేసిందే సరైన పని.

నాకు ఇచ్చింది 80 మి.గ్రా., 50 మి.లీ. సెలైన్‌లో కలిపి. బీసీజీ క్రిమి రకాన్ని (స్ట్రెయిన్) బట్టి మోతాదు మారుతుంది కాబట్టి పక్క బెడ్ వాళ్లతో పోల్చుకోవద్దు. నాలుగు గంటల ముందు నుంచి నీళ్లు తగ్గించాలి, లేకపోతే మందు పలచబడుతుంది, దాన్ని లోపల రెండు గంటలు ఆపుకోవడం నరకమవుతుంది. పావుగంటకోసారి పక్క మార్చి పడుకోమన్నారు. డాక్టర్లందరూ దీనికి పట్టుబట్టరు.

తర్వాతి ఆరు గంటలు కూర్చునే మూత్రం పోయాలి, నిలబడితే చిందుతుంది. ప్రతిసారీ మూత్రం ఎంతో దాదాపు అంతే బ్లీచ్ ద్రావణం పోసి, మూత వేసి, 15 నిమిషాలాగి ఫ్లష్ చేయాలి. టాయిలెట్ కడిగే యాసిడ్ మాత్రం దాంతో కలవకూడదు, విషవాయువు వస్తుంది.

ఒకటి రెండు రోజులు మంట, చలి, ఒళ్లునొప్పులు మామూలే. మంటగా ఉందని మెడికల్ షాపులో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయోటిక్ కొని మింగితే లోపలి బీసీజీ కూడా చస్తుంది, డోసు వృథా. జ్వరం 38.5 డిగ్రీల సెల్సియస్ దాటినా, రెండు రోజులైనా తగ్గకపోయినా డాక్టరుకు చెప్పాల్సిందే. క్రిమి ఒంట్లోకి పాకితే టీబీ మందులు వాడతారు; వాటిలో పైరజినమైడ్ దీని మీద పనిచేయదు.

వారానికొకటి చొప్పున ఆరు డోసులే ఎందుకని అడిగితే డాక్టరుగారు నవ్వారు. 1976లో కెనడాలో అల్వారో మొరాలెస్ అనే డాక్టరు తొమ్మిది మంది మీద ఈ చికిత్స ఫలితాలు ప్రకటించారు. అప్పట్లో ఆ బీసీజీ పెట్టెకు ఆరు చిన్న సీసాల చొప్పున వచ్చేదట, ఆ లెక్కే ఇప్పటికీ నడుస్తోంది.

మూడో నెల కెమెరా గొట్టంతో మూత్రాశయం లోపల చూసే సిస్టోస్కోపీలో గోడ శుభ్రంగా కనిపించింది. వెంటనే వారానికొకటి చొప్పున మరో మూడు డోసులు మొదలుపెట్టారు, ఆరో నెలలో మళ్లీ మూడు.