తుమ్మముళ్ల బాటలో టైర్ సీలెంట్: పది నెలల లెక్క

నల్గొండలోని మా ఇంటి నుంచి కనగల్ వైపు ఉన్న బత్తాయి తోటకు రానుపోను 36 కిలోమీటర్లు. చివరి నాలుగు కిలోమీటర్లు మట్టిబాట, రెండు పక్కలా సర్కారు తుమ్మ. ఎండాకాలంలో కంప కొట్టి బాట మీదే పడేస్తారు. ఎండిన ముల్లు టైరులో దిగి విరిగిందంటే బయటికి కనపడదు. నిరుడు ఆ బాటలోనే వెనక టైరు ఐదుసార్లు పంక్చర్ అయింది. రెండుసార్లు బండిని మెయిన్ రోడ్డు దాకా తోసుకొచ్చాను. అందుకే ఈ ఏడాది టైర్లలో సీలెంట్, అంటే పంక్చర్ రంధ్రాన్ని లోపలి నుంచే మూసే ద్రవం పోసి, ఏం జరిగినా నోటుబుక్కులో రాయాలనుకున్నాను.

జనవరి 19. బండి 150 సీసీ, రెండూ ట్యూబ్‌లెస్ టైర్లే. సైజు వెనక 100/90-17, ముందు 80/100-17. సీలెంట్లలో ముఖ్యంగా రెండు రకాలు. ఒకటి రబ్బరు పాల లాంటి లేటెక్స్‌ది, త్వరగా గట్టిపడుతుంది, కొన్ని నెలల్లో లోపలే ఎండిపోతుంది. రెండోది గ్లైకాల్‌తో చేసిన చిక్కటి ద్రవం. అందులో సన్నటి నార, రబ్బరు పొడి ఉంటాయి, తొందరగా ఎండదు. ముందుజాగ్రత్తకైతే రెండోదే నయం. సీసా మీద నీళ్లతో కడిగితే పోతుందని రాసి ఉన్నదే తీసుకున్నాను.

పోయడం పావుగంట పని. బండిని సెంటర్ స్టాండ్ వేసి, వాల్వ్ గడియారంలో నాలుగు అంకె ఉండే చోటికి వచ్చేలా చక్రం తిప్పాలి. మరీ కిందికి ఉంటే ద్రవం తిరిగి వాల్వ్‌లోకే వస్తుంది. గాలి మొత్తం తీసేసి, సీసాతో ఇచ్చిన చిన్న కీతో వాల్వ్ పిన్ను విప్పి, శుభ్రమైన గుడ్డలో పెట్టుకున్నాను. మట్టిలో పడితే ఆ పిన్ను పనికిరాదు. సీసాను బాగా కుదిపి వెనక 300 మి.లీ., ముందు 200 మి.లీ. పోశాను. వాల్వ్ లోపల తుడిచి, పిన్ను బిగించి, గాలి పట్టాను: వెనక 28 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత), ముందు 25. వెంటనే ఆరు కిలోమీటర్లు నడిపాను. మొదటి కిలోమీటరు హ్యాండిల్ కొంచెం వణికింది. ద్రవం టైరంతా పరుచుకున్నాక ఆగింది.

మార్చి 8. మొదటి మేకు. టైరులో తల కనపడగానే ప్లయర్‌తో లాగాను. బుస్సుమని గాలి, దాంతోపాటు పచ్చటి నురగ. రంధ్రం నేలవైపు వచ్చేలా చక్రం తిప్పి ఆపాను, ద్రవం అక్కడికే చేరాలి కాబట్టి. బయటికి పోయే గాలే నారను, రబ్బరు పొడిని రంధ్రంలోకి తోసి బిరడాలా బిగిస్తుంది. పది సెకన్లలో ఆగింది. గాలి కొలిచే గేజ్ పెడితే 24. కాళ్ల పంపుతో 28 చేసి ఇంటికొచ్చాను. మర్నాడు పొద్దున కూడా 28 ఉంది. అయినా రంధ్రం శుభ్రం చేయించి స్ట్రిప్ (రంధ్రంలో దూర్చి మూసే జిగురు రబ్బరు పట్టీ) వేయించాను. సీలెంట్ పట్టుకున్నది ఇంటికి చేరడానికే అని నా లెక్క.

ఏప్రిల్, మే. ఎండ 44 దాటిన రోజుల్లో పొద్దున 28 ఉన్న టైరు మధ్యాహ్నం తోట దగ్గర 32 చూపించింది. వేడికి అది సహజం. టైరు పది డిగ్రీలు వేడెక్కితే సుమారు ఒకటిన్నర పీఎస్‌ఐ పెరుగుతుంది. ఆ గాలి తీసేయొద్దు, చల్లారాక తక్కువైపోతుంది.

జూన్ 15. రోజుకు 2 పీఎస్‌ఐ తగ్గడం మొదలైంది. ముల్లేమోనని టెన్షన్ పడి టైరంతా సర్ఫ్ నీళ్లు పూశాను, ఎక్కడా బుడగ లేదు. చివరికి వాల్వ్ నోట్లో వచ్చింది. పిన్నుకు సీలెంట్ జిగురు పట్టి సరిగా మూసుకోవడం లేదు. కొత్త పిన్ను వేస్తే సరిపోయింది. తప్పు నాదే. వాల్వ్ కిందికి ఉన్నప్పుడే గేజ్ పెడుతూ వచ్చాను. ఇప్పుడు వాల్వ్‌ను పైకి తెచ్చి, రెండు నిమిషాలు ఆగి కొలుస్తున్నాను.

జూలైలో మిగిలిన సీలెంట్ నాయన మోపెడ్‌లో పోశాను. అది ట్యూబ్ టైరు. చిన్న ముల్లు ఒకటి ఆగింది. తర్వాత దిగిన మేకు టైరుతో పాటు ట్యూబును రెండంగుళాలు చీల్చింది. ట్యూబు లోపల కదులుతుంది, సాగుతుంది, అలాంటి చీలికను ఏ ద్రవమూ ఆపదు. పంక్చర్ షాపులో అన్న ట్యూబు చూసి, "తమ్మీ, ఈ నీళ్లు కారుతుంటే ప్యాచ్ ఎట్ల పట్టుకుంటది?" అన్నాడు. ఆయన మాట నిజం. తడి ఆరితే గానీ సొల్యూషన్ పట్టదు. కొత్త ట్యూబు కొన్నాం. ట్యూబ్ టైరులో సీలెంట్ పోయమని నేనైతే ఎవరికీ చెప్పను.

నవంబర్ 16. వెనక టైరు అరిగి మార్చే రోజు వచ్చింది. దీని కోసమే ఎదురుచూశాను. విప్పాక లోపల చేత్తో తుడిచి లెక్కపెడితే ఏడు ముల్లుమొనలు, ఒక చిన్న మేకు. మార్చి మేకు తీసేశాం కాబట్టి ఇవన్నీ నాకు తెలియకుండా దిగినవే. ముళ్ల చుట్టూ సీలెంట్ గట్టిపడి చిన్న బొడిపెల్లా ఉంది. మేకు దగ్గర మాత్రం పరిస్థితి బాగాలేదు. అది ఎన్నాళ్లుగా ఊగుతూ ఉందో, లోపలి నైలాన్ దారాలు కొన్ని తెగాయి, రంధ్రం కోలగా సాగింది. గాలి పోకపోవడం వల్లే దాన్ని పట్టించుకోలేదు. సీలెంట్ లేకుంటే మర్నాడే తీసేవాణ్ని. రోజూ 60, 70 వేగంతో దాని మీద తిరిగానన్నది తలుచుకుంటే భయమేసింది.

అందుకే ఇప్పుడు ప్రతి ఆదివారం పొద్దున బండి కదిలించకముందే గేజ్ పెడతాను, చక్రం నెమ్మదిగా తిప్పుతూ గాడుల్లో రాళ్లు, ముళ్లు చూస్తాను. మేకు కనపడితే అదే రోజు తీసి స్ట్రిప్. టైరు పక్కగోడకు దెబ్బ తగిలితే సీలెంట్ మీద ఆశ పెట్టుకోను. అక్కడ రబ్బరు ప్రతి చుట్టుకూ మడత పడుతుంది కాబట్టి బిరడా నిలవదు. రంధ్రం ఆరు మిల్లీమీటర్లు దాటినా అంతే.

కొత్త టైరులో కూడా 300 మి.లీ. పోశాను. అల్లాయ్ రిమ్‌ను మామూలు నీళ్లతో కడిగితే శుభ్రమైంది, ఎక్కడా మచ్చ లేదు. నవంబర్ 23, ఉదయం 6 గంటలు: వెనక 28, ముందు 25. గాడిలో ఒక తుమ్మముల్లు, లోపలికి దిగలేదు, గోటితోనే వచ్చేసింది.