కరివేపాకు పెంచితే గంజాయి అన్నారు

ఇవాళ మధ్యాహ్నమే అపార్ట్‌మెంటు ఆఫీసు నుంచి మెయిల్ వచ్చింది. కోపం చల్లారితే మర్యాదగా రాసేస్తానేమోనని ఇప్పుడే కూర్చున్నాను.

మేముండేది న్యూజెర్సీలో, ఎడిసన్ దగ్గర, మూడో అంతస్తులో. హాలు కిటికీ రోడ్డు వైపుకి ఉంటుంది. కొంప ముంచింది ఆ కిటికీయే.

మొక్క సంపాదించడం పెద్ద కష్టం కాలేదు. ఇండియా నుంచి మాత్రం తేకూడదు. ఆకు తెచ్చినా ఎయిర్‌పోర్టులో చెత్తబుట్టలో పడేస్తారు. నిమ్మ, నారింజ చెట్లని చంపే గ్రీనింగ్ తెగులుని మోసుకొచ్చే పురుగు కరివేపాకు మీద కూడా బతుకుతుంది, రెండూ ఒకే కుటుంబం కదా. 2005లో ఫ్లోరిడాలో ఆ తెగులు బయటపడ్డ దగ్గర్నుంచి ఇక్కడివాళ్ళకి ఈ విషయంలో భయం ఎక్కువ. నాకైతే గుడిలో పరిచయమైన ఒకావిడ జానెడు పిలక ఇచ్చారు. ఎండాకాలం అంతా బాల్కనీలో ఉండి మోకాలెత్తు పెరిగింది. అక్టోబరులో లోపల పెట్టాను. డిసెంబరు వచ్చేసరికి ఆకంతా రాలిపోయి పుల్లలు మిగిలాయి. పగలు తొమ్మిది గంటలు చిల్లర, అదీ మబ్బు. పాపం, దాని తప్పేముంది?

లైటు పెడదామన్నాను. మా ఆయన ఆ పని తనకి వదిలెయ్యమన్నారు. అక్కడ మొదలైంది.

అట్ట డబ్బా మీద "1000 వాట్లు" అని ఉంది. ధర చూసి మురిసిపోయి ఆర్డరు పెట్టేశారు. నేను ప్లగ్‌కి మీటరు తగిలించి చూస్తే లాగుతున్నది 97 వాట్లు. ఆ వెయ్యి అనేది పాతకాలం సోడియం దీపంతో పోల్చి వాళ్ళు చెప్పుకునే గొప్ప. లైటు కొనేవాళ్ళు అసలు ఎన్ని వాట్లు లాగుతుందో చూడండి, పేరులో అంకె చూడకండి. ఇంకోటి, అది ఊదా రంగు లైటు. ఎరుపు, నీలం బల్బులే ఉంటాయి. ఆకులోని పచ్చదనం ఆ రెండు రంగుల్నే ఎక్కువ పీల్చుకుంటుంది కాబట్టి మిగతావి దండగ అని ఒకప్పటి లెక్క. నిజానికి ఆకుపచ్చ వెలుగు పై ఆకుల్ని దాటుకుని కింద ఆకుల దాకా వెళ్తుంది, అదీ పనికొస్తుంది. ఇప్పుడు మంచివన్నీ తెల్ల లైట్లే. ఇదంతా నాకెలా తెలిసిందంటారా? యూట్యూబులో ఈ లైట్ల గురించి లోతుగా చెప్పేవాళ్ళలో సగం మంది గంజాయి పెంచేవాళ్ళే. వాళ్ళ వీడియోలు చూసి కరివేపాకు పెంచిన తెనాలి ఆడపిల్లని నేను. సిగ్గు పడాలో గర్వపడాలో తెలీదు, మొత్తానికి పాఠం బాగానే చెప్పారు.

మొక్క వెనక గోడకి వంటింటి అల్యూమినియం రేకు అంటించాను, వెలుగు వృథా కాకుండా. టైమరు పధ్నాలుగు గంటలకి పెట్టాను. మూడు వారాల్లో పుల్లకి చిగురు కనిపించింది. నాలుగో వారానికి ఒక రెమ్మ విచ్చుకుంది, లేత రంగులో, పసిబిడ్డ చెయ్యిలాగా. మా అత్తమ్మ కరీంనగర్ నుంచి వచ్చి ఉన్నారప్పుడు. రోజూ పొద్దున లేచి మొదట దాన్ని చూసేవారు.

గురువారం సాయంత్రం తలుపుకి నోటీసు అంటించి ఉంది. కిటికీలోంచి రాత్రిళ్ళు ఊదా వెలుగు వస్తోందనీ, వరండాలో ఘాటైన వాసన వస్తోందనీ ఫిర్యాదులు వచ్చాయట. చట్టవిరుద్ధమైన మొక్కల పెంపకం జరుగుతోందని అనుమానమట. ఇరవైనాలుగు గంటల తర్వాత తనిఖీ.

మీకు తెలీకపోతే చెబుతాను. న్యూజెర్సీలో 2021లో గంజాయిని పెద్దవాళ్ళకి చట్టబద్ధం చేశారు, 2022 ఏప్రిల్ నుంచి కొట్లో అమ్ముతున్నారు. కానీ ఇంట్లో ఒక్క మొక్క పెంచినా నేరమే. పక్కనే న్యూయార్కులో పెంచుకోవచ్చు. కొనుక్కుని కాల్చు, పెంచావో జైలు! ఈ తెలివి ఎవరిదో గానీ దండం పెట్టాలి.

ఆ రాత్రే మా అపార్ట్‌మెంటు తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో మెసేజి. "మన బిల్డింగులో ఎవరో గంజాయి పెంచుతున్నారట, పిల్లలు జాగ్రత్త." కింద దండాలు పెట్టిన బొమ్మ. మా కిటికీ ఫొటో కూడా పెట్టారు! పెట్టినావిడ పోయిన సంక్రాంతికి మా ఇంట్లో పులిహోర తిన్నావిడే. తలుపు తట్టి "ఏంటమ్మా ఆ లైటు?" అని ఒక్క మాట అడిగితే ఆ చిగురు చూపించేదాన్ని. మనవాళ్ళకి ఊళ్ళో ఉన్నప్పుడు వచ్చిన ఆ చొరవ విమానమెక్కగానే ఎటు పోతుందో. ఫొటో తియ్యడం మాత్రం వస్తుంది.

శుక్రవారం సాయంత్రం మేనేజరు, ఆయన వెనక రిపేర్లు చేసే అబ్బాయి, ఇద్దరూ వచ్చారు. సరిగ్గా ఆ సమయానికే మా ఆయనకి మీటింగు వచ్చింది. లోపలి గదిలో తలుపేసుకున్నారు. వరండాలో రెండు తలుపులు ఓరగా తెరుచుకోవడం నేను చూశాను. ఎవరివో కూడా తెలుసు.

మేనేజరు రేకు వైపు చూశారు, లైటు వైపు చూశారు, ఫోనులో ఫొటోలు తీశారు. టైమరు ఎన్ని గంటలకి పెట్టావని అడిగారు. పధ్నాలుగు అన్నాను. "పద్దెనిమిది కాదా? పన్నెండు కాదా?" అన్నారు. గంజాయి మొక్క ఎదగడానికి పద్దెనిమిది గంటలు, పూతకి రావడానికి పన్నెండు. నేను వీడియోల్లో నేర్చుకున్నది ఆయన నోటి వెంట అంత గబుక్కున ఎలా వచ్చిందో నేనడగలేదు, అడగాల్సింది.

కూర ఆకు అండీ, వంటలో వేస్తాం అన్నాను. ఎవరైనా అలాగే చెబుతారు అన్నట్టు తలాడించారు. కొలిమిలా మండింది ఒళ్ళు. ఫోనులో గంజాయి ఆకు బొమ్మ తెరిచి పక్కన పెట్టి చూపించాను. అది అరచెయ్యిలా ఒకే చోటు నుంచి విచ్చుకుంటుంది, అంచులు రంపంలా ఉంటాయి. ఇది ఈనెకి రెండు వైపులా వరసగా ఉంటుంది. రెండో తరగతి పిల్లాడికి చెప్పినట్టు చెప్పాను. వేళ్ళు పెట్టి లెక్కపెట్టించాను కూడా, పదకొండు ఆకులు.

అత్తమ్మ వంటింట్లోంచి వచ్చారు. "ఏందమ్మా, ఏమంటుండు ఆయన?"

"గంజాయి అంటున్నారు అత్తమ్మా."

"వాని మొకం! కల్యమాకు ఎర్కలేదా వానికి?"

డబ్బాలోంచి కొట్లో కొన్న ఆకు గుప్పెడు తెచ్చి, నలిపి, మేనేజరు ముక్కు కింద పెట్టేశారు. ఆయన రెండడుగులు వెనక్కి వేశారు. వరండాలో ఘాటు వాసన అన్నది దేనిదో కూడా అప్పుడే తేలింది. అత్తమ్మ బుధవారం ఎండుచేపల పులుసు పెట్టారు. అది అనువదించి చెప్పడానికి నాకు ప్రాణం మీదకొచ్చింది.

అంతా విని కూడా, సాక్ష్యం కావాలన్నారు. నేను నోరు తెరిచేలోపు ఆ రిపేర్ల అబ్బాయి కత్తెర తీసి, ఉన్న ఒక్క రెమ్మ కత్తిరించి జిప్ సంచిలో వేసుకున్నాడు. నాలుగు వారాల చిగురది. కొన్న ఆకు అంత ఎదురుగా ఉంటే అది తీసుకెళ్ళచ్చుగా?

వాళ్ళు వెళ్ళాక మీటింగు అయిపోయింది. ఇంటి బయట నుంచి వేడి కెమెరాతో చూడ్డానికి కూడా పోలీసులకి వారెంటు కావాలని 2001లో సుప్రీంకోర్టు చెప్పిందట. ఒరెగాన్‌లో దీపాల వేడి పట్టి గంజాయి కేసు పెట్టిన సంగతిలోనట. ఆ ముక్క అప్పుడొచ్చి నాకు చెప్పారు మా ఆయన. పోలీసుల సంగతి సరే, ఇక్కడ వచ్చింది మేనేజరు, తలుపు తీసింది నేను. మా ఆయన చెప్పినదాన్లో ఒక్కటి మాత్రం నిద్ర పట్టనివ్వలేదు. 2012లో కాన్సస్‌లో ఒక దంపతుల ఇంటి మీద పొద్దున్నే పోలీసులు ఆయుధాలతో దాడి చేశారు. చెత్తలో దొరికిన టీ ఆకుని పరీక్ష చేసి గంజాయి అని తేల్చుకున్నారు. ఇంట్లో లైటు కింద దొరికినవి టమాటా మొక్కలు. మాకు కత్తెరతో పోయింది.

మర్నాడే తెల్ల లైటు కొన్నాను, ఈసారి నేనే. 100 వాట్లది, నెలకి 42 యూనిట్లు. తెల్ల లైటుకి ఫోనులో లక్స్ చూసి 70తో భాగిస్తే మొక్కకి అందే వెలుగు ఉజ్జాయింపుగా తెలుస్తుంది. అలా భాగిస్తే నాకు 250 దగ్గర వచ్చింది, కరివేపాకుకి చాలు. ఊదా లైటుకి ఈ లెక్క పనికిరాదు. లక్స్ అనేది మన కంటికి కనబడేదాని కొలత, మొక్కది కాదు. మరీ దగ్గరగా పెడితే చివర్లు తెల్లబడతాయి, అడుగున్నర ఎత్తులో ఉంచండి. కొత్త చిగురు రెండు చోట్ల వస్తోంది.

ఇవాళ్టి మెయిల్లో రెండే వాక్యాలు. ఉల్లంఘన ఏదీ కనబడలేదు. రోడ్డుకి వెలుగు పడకుండా మీ ఖర్చుతో కర్టెన్ వేసుకోవాలి. క్షమాపణ అన్న మాట వెతికాను, లేదు. గ్రూపులో ఆవిడ ఫొటో ఇంకా అలాగే ఉంది.

అత్తమ్మకి చదివి వినిపించాను. అంతా విని ఒకటే అడిగారు.

"మరి రెమ్మ ఎప్పుడు తిరిగిస్తరట?"