బెల్టుకు అక్కర్లేని కటాలు

"ఆ కటా నా బెల్టుకు అక్కర్లేదమ్మా," అనేసింది కరాటే నేర్చుకుంటున్న మా అమ్మాయి. కటా అంటే వరుస తప్పకుండా చేయాల్సిన కదలికల కూర్పు. మేముండే చోట తను నేర్చుకునేది షోటోకాన్ శైలి. సెలవుల్లో తార్నాకలో తాతగారింటి దగ్గర మాస్టర్ గారు నేర్పేది షిటోర్యూ అనే ఇంకో శైలి. ఆయన సేయెంచిన్ అనే కటా మొదలుపెట్టమన్నారు, మా పిల్లేమో షోటోకాన్‌లో మొదట నేర్పే హేయాన్ కటాలు దాటి అడుగు వెయ్యనంటోంది. నేనేమో వెయ్యాల్సిందేనంటున్నాను. ఎంసెట్ రాసిన బుర్ర కదా, ఏ చాప్టరూ చాయిస్‌లో వదలబుద్ధి కాదు.

నా మొండితనం సంగతి అలా ఉంచితే, ఒక్కో కటా ఒంటితో ఒక్కో పని చేయిస్తుంది. హేయాన్ షోడాన్‌లో (షోడాన్ అంటే మొదటిది, నిడాన్ రెండోది) 21 కదలికలు, అంతా ముందుకు నడవడం, తిరగడం. షోటోకాన్‌లోదే ఇంకో కటా టెక్కీ షోడాన్‌లో ముందడుగే లేదు, ఒకే గీత మీద పక్కలకు జరగాలి. అడుగు వేసిన ఊపుతో గుద్దే అలవాటు అక్కడ చెల్లదు, బలం నడుములోంచి రావాలి. కాలు దాటించి వేసేటప్పుడు పిల్లలు పైకి లేస్తారు. గోడ మీద కంటి ఎత్తులో టేపు ముక్క అంటిస్తే ఎక్కడ లేస్తున్నారో వాళ్ళకే తెలిసిపోతుంది.

సేయెంచిన్‌లో ఒక్క కిక్కూ లేదు. చాలాభాగం షికో దాచి, అంటే కాళ్ళు ఎడం చేసి మోకాళ్ళు వంచి నిలబడే భంగిమ. టెక్కీలో అలాంటిదే కిబా దాచి, అందులో పాదాలు సమాంతరంగా ఉంటాయి, ఇందులో వేళ్ళు 45 డిగ్రీలు బయటికి తిరగాలి. షోటోకాన్ పిల్లలు ఇక్కడే దొరికిపోతారు. పాదాలు తిప్పుతారు గానీ మోకాళ్ళు పాతచోటే ఉంచుతారు. మోకాలు లోపలికి వాలిపోయి కాసేపటికే నొప్పంటారు. ముందు తుంటి దగ్గర్నుంచి మోకాలు తెరవమనాలి, పాదం దాని వెనకే వస్తుంది. మొదటి మూడడుగులూ ఏటవాలుగా, నెమ్మదిగా. ఊపిరి బిగబట్టారంటే భుజాలు చెవుల దాకా లేస్తాయి. వేగంతో నెట్టుకొచ్చే పిల్లలకు ఇందులో దాక్కునే చోటు లేదు.

పేర్ల దగ్గరా తికమకే. హేయాన్ నిడాన్ అంటే షిటోర్యూలో పినాన్ షోడాన్, మొదటి రెండింటి వరుస షోటోకాన్ మూలపురుషుడు ఫునకోషి మార్చాడు. దాని మొదట్లో షోటోకాన్ వాళ్ళు 70 శాతం బరువు వెనక కాలి మీదుంచి కోకుత్సు అనే భంగిమ వేస్తారు. షిటోర్యూ వాళ్ళది నెకో అషి (పిల్లి అడుగు), ముందు కాలు మునివేళ్ళు ఆనీ ఆననట్టు. రెండూ చేసే పిల్ల బరువు ఎక్కడుందో ఆలోచించక తప్పదు.

అసలు చాలామందికి గుర్తుండేది కటా కాదు, గది. తాతగారి హాల్లో టీవీ వైపు కాకుండా వంటింటి వైపు తిరిగి మొదలుపెట్టమనండి, బాగా వచ్చిన కటాలోనే సగంలో దారి తప్పుతారు. మలుపులు వేరువేరుగా ఉన్నవి మూడు నాలుగు మార్చి మార్చి చేయిస్తే ఈ జబ్బు తగ్గుతుంది. అరగంటలో సగం గ్రేడింగ్ (బెల్టు పరీక్ష) కటాకి, పది నిమిషాలు కొత్తదాంట్లో నాలుగైదు కదలికలకి, మిగిలింది పాతదొకటి. ఒకేసారి రెండు కొత్తవి వద్దు. ఒకేలాంటి మలుపు రాగానే ఒకదాంట్లోంచి రెండోదాంట్లోకి జారిపోతారు.

ఇంత చెప్పాక నాకే అనుమానం. ఫునకోషి మూడు టెక్కీల మీదే పదేళ్ళు గడిపిన మనిషి. షిటోర్యూ స్థాపించిన మబుని, ఇటోసు, హిగావొన్నా అనే ఇద్దరు గురువుల దగ్గరా నేర్చుకుని రెండు వైపుల కటాలూ కూడగట్టాడు. నిజమే, కానీ ఆ గురువులిద్దరూ ఆయనకు సొంత దీవి ఒకినావాలోనే దొరికారు. రేపు మా ఊళ్ళో షోటోకాన్ సెన్సేయ్ (గురువు) "మోకాళ్ళెందుకలా తెరుస్తున్నావ్?" అని దిద్దితే మా పిల్ల ఎవరి మాట వినాలి? వరల్డ్ కరాటే ఫెడరేషన్ జాబితాలో 102 కటాలున్నాయి, పోటీలకు పనికొస్తాయే అని నచ్చజెప్పాను. పోటీలకు వెళ్తానని తనెప్పుడూ అనలేదు, అది నా లెక్క. మా నాన్నయితే "సెలవుల్లోనూ సిలబస్సేనా అమ్మాయ్?" అనేశారు.

ప్రస్తుతానికి సేయెంచిన్‌ని మొదటి మూడడుగులతో ఆపమని మాస్టర్ గారికి చెప్పాను. టెక్కీ మాత్రం ఆపమనలేదు.