దిగువమెట్టలో క్రాసింగ్

ఆదివారమంతా వెనక గదిలోనే గడిచింది. పాప చిన్నప్పుడు దాని కోసం ప్లైవుడ్ మీద కోడిగుడ్డు ఆకారంలో వేసిన బొమ్మ రైలు పట్టాలన్నీ ఇవాళ ఊడదీసి, గోడ పొడవునా కొత్త లైను వేయడం మొదలుపెట్టాను. అప్పట్లో రైలు గుండ్రంగా తిరుగుతూ ఉంటే పాపకి అదే పండగ. నాకు మాత్రం చాన్నాళ్ళుగా ఒకటే కోరిక. నా బండి ఎక్కడో ఒకచోట ఆగాలి, ఎదురుగా వచ్చే బండి కోసం కాచుకోవాలి, అది దాటిపోయాక సిగ్నల్ పడితే కదలాలి. సింగిల్ లైన్ మీద పాసింజర్లో తిరిగినవాళ్ళకి ఇందులో ఉన్న ఆనందం విడమరిచి చెప్పక్కర్లేదు.

అందుకే దిగువమెట్టని ఎంచుకున్నాను. నంద్యాల నుంచి గిద్దలూరు వెళ్ళే దారిలో నల్లమల అడవిలో ఉండే చిన్న స్టేషన్. ఒకప్పుడు మీటర్ గేజ్, 1990లలో బ్రాడ్ గేజ్ అయింది. నేను కట్టేది బ్రాడ్ గేజ్ వచ్చాక, కరెంటు తీగలు పడకముందు కాలం. డీజిల్ ఇంజన్, చెన్నై ఐసీఎఫ్ ఫ్యాక్టరీ బోగీలు, లూప్ లైన్లో (మెయిన్ లైన్ నుంచి విడిపోయి మళ్ళీ కలిసే పక్క పట్టా మీద) ఆగి ఉన్న పాసింజర్, మెయిన్ లైన్లో ఆగకుండా పోయే అమరావతి ఎక్స్‌ప్రెస్, ఇంతే. ఆ స్టేషన్ని ఉన్నది ఉన్నట్టు దించే చోటు నా గదిలో లేదు, అక్కర్లేదు కూడా. ఆ క్రాసింగ్ ఒక్కటి కుదిరితే చాలు.

కుదురుతుందా లేదా అని టేపు పట్టుకుని కూర్చున్నాను. గోడ పది అడుగులు, అంటే మూడు మీటర్లు. నాది హెచ్‌ఓ స్కేలు, అసలు బండిలో 87వ వంతు. ఐసీఎఫ్ బోగీ బఫర్ నుంచి బఫర్ దాకా 22 మీటర్ల పైచిలుకు ఉంటుంది కాబట్టి ఇక్కడ 25 సెంటీమీటర్లు దాటుతుంది, డబ్ల్యూడీఎం-2 ఇంజన్ 20 దగ్గర. నాలుగు బోగీలు, ఒక ఇంజన్ కలిపితే మీటరూ పాతిక. లూప్‌కి రెండు చివర్లా పాయింట్లు, అంటే బండిని ఒక పట్టా నుంచి ఇంకో పట్టాకి మళ్ళించేవి, పడతాయి, వాటి తర్వాత రెండు పట్టాలు విడిపోయేదాకా ఇంకొంత పోతుంది. అయినా మధ్యలో ఒకటిన్నర మీటరు నికరంగా మిగిలింది. చాలా సంతోషం వేసింది.

అప్పుడే నాన్న వచ్చి కుర్చీ లాక్కుని కూర్చున్నారు. ఆయన రైల్వేలో పాయింట్స్‌మన్‌గా చేసి రిటైరయ్యారు. గుండ్రటి లైను ఉన్నన్నాళ్ళూ గుమ్మం దగ్గరే నిలబడి నవ్వి వెళ్ళిపోయేవారు. ఇవాళ చాక్‌పీసుతో గీసిన లూప్ చూడగానే అడిగిన మొదటి మాట, "ఫౌలింగ్ మార్క్ ఎక్కడ పెడుతున్నావురా?"

రెండు లైన్లు కలిసేచోట మధ్యలో సున్నం వేసిన రాయి ఉంటుంది కదా, అదే. ఆఖరి బోగీ దాని లోపలికి వచ్చేస్తేనే పక్క లైన్లో బండి తగలకుండా పోగలదు. అది తేల్చడానికి కొలతలు, లెక్కలు వద్దన్నారు. రెండు బోగీలు పట్టాల మీద పక్కపక్కన పెట్టి, పాయింటు వైపు ఒకదాన్ని మెల్లగా తోయించి, రెండింటి మధ్య వేలు పట్టే సందు ఎక్కడ పోతుందో అక్కడ గీత గీయించారు. నేను కంప్యూటర్లో వేసుకున్న ప్లాన్‌లో ఈ గీతే లేదు. స్టేషన్ స్టేషన్‌లా కనిపించేది ఇలాంటి వాటివల్లేనని నాకు గట్టిగా అనిపిస్తోంది. పెంకులు, బోర్డులు, బెంచీలు తర్వాత ఎప్పుడైనా పెట్టుకోవచ్చు.

బొగద విషయంలోనూ ఇలాగే బోగీతోనే కొలిచాను. లూప్ దాటాక లైను మలుపు తిరిగి కొండలోకి పోతుంది, అక్కడ వంపు వ్యాసార్ధం 18 అంగుళాలు. అంత బిగువు వంపులో ఇంత పొడవు బోగీ నడుము లోపలికీ, మూలలు బయటికీ దాదాపు 8 మిల్లీమీటర్ల చొప్పున జరుగుతాయి. అందుకని బోగీ పక్కన పెన్సిల్ ముక్క టేపుతో అంటించి, వంపంతా తోసుకుంటూ వెళ్ళి, అది గీసిన గీతకి అవతల సన్‌బోర్డుతో కోసిన బొగద మూతి నిలబెట్టాను. బిగుతుగా ఉంటేనే చూడటానికి బాగుంటుంది, వెడల్పు చేస్తే కారు షెడ్డులా ఉంటుంది.

బ్రాడ్ గేజ్ అని చెప్పి పట్టాల మధ్య 16.5 మిల్లీమీటర్లే ఉండే లైను వేస్తున్నావేంటని ఎవరైనా అడగొచ్చు. నిజమే, మన బ్రాడ్ గేజ్ వెడల్పు 1676 మిల్లీమీటర్లని 87తో భాగిస్తే 19 దాటుతుంది. కానీ ఆ కొలతకి పట్టాలు, చక్రాలు, పాయింట్లు అన్నీ చేత్తో చేసుకుంటూ కూర్చుంటే స్టేషన్ ఎప్పటికి లేస్తుంది? బోగీ పక్కనుంచి చూస్తే ఆ తేడా కంటికి ఆనదు. దొరికే పట్టాతోనే వేస్తాను.

మధ్యాహ్నం భోజనం అయ్యాక వైర్ల పని. పట్టాల జాయింట్ల మీదే కరెంటు నడిపితే దూరం పెరిగేకొద్దీ ఓల్టేజీ పడిపోయి బండి నీరసిస్తుంది. కాబట్టి బల్ల కింద లావు వైర్లు రెండు ఆ చివర నుంచి ఈ చివరకి లాగి, ప్రతి పట్టా ముక్కకీ వాటి నుంచి సన్న వైరు టంకం పెట్టాను. నడుము పట్టేసింది కానీ ఇది తప్పనిసరి పని. ఎందుకంటే నాకు కావలసింది వేగం కాదు, నెమ్మది. లూప్‌లో 30 కిలోమీటర్లకి మించి పోకూడదంటారు నాన్న. 87తో భాగించి చూస్తే సెకనుకి పది సెంటీమీటర్ల లోపే. అంత నెమ్మదిగా, ఎక్కడా ఆగిపోకుండా పాకాలంటే పట్టా అద్దంలా ఉండాలి, కరెంటు అంతటా సమానంగా అందాలి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో గుడ్డ తడిపి తుడిస్తే నల్లగా మసి వచ్చింది. తుడిచాక ఇంజన్‌ని వదిలితే పాయింటు మీద కూడా తడబడకుండా ఎక్కింది. నాన్న వాచీ చూసుకుంటూ "ఇంకా తగ్గించు, ఇంకా" అంటూనే ఉన్నారు.

అడవి గురించి కూడా ఒక నిర్ణయానికి వచ్చాను. బయట దొరికే పచ్చగడ్డి పొడి వాడను. ఎండాకాలం నల్లమల పచ్చగా ఉండదు. ఆకు రాలిన టేకు, ఎర్రమట్టి, కిందంతా ఎండుటాకులు. ఎండబెట్టిన టీ పొడి, మిక్సీలో తిప్పి టీ జల్లెడ పట్టిన ఎండుటాకులు, ఫెవికాల్ నీళ్ళు చాలు. చెట్లకి పక్క ఖాళీ స్థలంలో ఎండిన వెంపలి కొమ్మలు కోసుకొచ్చాను. మా ఆవిడ మిక్సీ ఇవ్వనంది, పాత జారు ఒకటి అటక మీద ఉందని తనే గుర్తు చేసింది.

రాత్రి పడుకోబోయే ముందు నాన్న మళ్ళీ గదిలోకి వచ్చి లైటేశారు. లూప్ చివర ఇసుక కట్ట లేదట. బండి సిగ్నల్ దాటి ముందుకొస్తే మెయిన్ లైన్ మీదకి పోకుండా ఇసుకలోకి దిగిపోయే ఆ ముక్క పట్టా, సాండ్ హంప్, అది లేకుండా రెండు బళ్ళని ఒకేసారి స్టేషన్లోకి ఎలా తీసుకుంటావని నిలదీశారు. దానికి ఇంకో పాయింటు కావాలి, ఇంకో ముప్పై సెంటీమీటర్లు కావాలి. బీరువా కొంచెం జరిపితే వస్తుంది. రేపు ఆఫీసుకి వెళ్ళే ముందు ఇద్దరం కలిసి జరుపుతాం.